చచ్చినోడితో కర్రసాము!

"మావయ్యా! జాంబీలను కొట్టే విద్య ఒకటి కావాలి. ఆదివారం లోపల!"

జగ్గయ్యపేట నుంచి మా మేనల్లుడి ఫోను. వాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. చదువుతున్నాడని వాళ్ళమ్మ అంటుంది. వాడేమో నలుగురు స్నేహితుల్ని పోగుచేసి, ఉన్న కెమెరా ఒకటి, అరువు తెచ్చిన లైట్లు రెండు పెట్టుకుని, ఇరవై నిమిషాల జాంబీ చిత్రం తీస్తున్నాడు. మునేటి ఒడ్డున మామిడితోట లొకేషను. బంధువర్గమంతా జాంబీలు. మేకప్పుకి బియ్యప్పిండి, నెత్తురుకి కుంకుమ కలిపిన బెల్లం పాకం.

"విద్య అంటే ఏమిట్రా? కరాటేయా?"

"కరాటే అందరూ చేస్తారు మావయ్యా! మనదంటూ ఒకటుండాలి. దానికో పేరుండాలి, గురువుండాలి, సూత్రాలుండాలి. బాహుబలిలో కాలకేయుల కోసం కొత్త భాషే పుట్టించారు గదా... మనం ఒక యుద్ధవిద్య పుట్టించలేమా?"

వాడన్నదీ నిజమే మరి. 2015లో వచ్చిన ఆ చిత్రానికి మదన్ కార్కీ 'కిలికిలి' భాషను కూర్చి పెడితే, ఒక్క ముక్క అర్థంకాకపోయినా హాల్లో జనం ఈలలు వేశారు. భాషనే పుట్టించిన వెండితెరకు ఒక సాము పుట్టించడం లెక్కా? సరేరా అన్నాను. అన్నాక తెలిసింది, ఎంత చిక్కులో పడ్డానో!

ఇంతకీ ఈ జాంబీ ఎవరండీ?

పాఠక మిత్రులారా, జాంబీ అంటే మన దెయ్యం కాదు. దెయ్యానికి ఒక కోరిక ఉంటుంది, పగ ఉంటుంది, వీలైతే తెల్లచీర, ఒక పాటా ఉంటాయి. జాంబీకి ఇవేవీ లేవు. ఒళ్ళుంది, మనసు లేదు. నడుస్తుంది, ఎందుకో తెలియదు. కరుస్తుంది, కరిచినవాణ్ణి తనలాగే చేస్తుంది.

దీని పుట్టిల్లు హైతీ. ఫ్రెంచివాళ్ళు ఆఫ్రికా మనుషుల్ని ఓడల్లో తెచ్చి అక్కడి చెరుకు తోటల్లో గొడ్డుచాకిరీ చేయించారు. చస్తేనైనా ఈ వెట్టి వదులుతుందనుకుంటే, చచ్చాక కూడా లేపి పని చేయిస్తారేమోనన్న భయం వాళ్ళకి! ఆ భయమే జాంబీ. 1932లో 'వైట్ జాంబీ' అనే హాలీవుడ్ చిత్రం దాన్ని తెరకెక్కించింది.

మనమిప్పుడు చూసే మనిషిని తినే జాంబీకి తండ్రి జార్జ్ రొమెరో. 1968లో పిట్స్‌బర్గ్ వైపు తన మిత్రులతో కలిసి, లక్ష డాలర్ల పైచిలుకుతో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీశాడు. నలుపు తెలుపు చిత్రం గనక నెత్తురుకు చాక్లెట్ పాకం వాడారు. (మా వాడి బెల్లం పాకానికి తాతన్నమాట!) తమాషా ఏమిటంటే, ఆ చిత్రంలో జాంబీ అన్న మాటే వినిపించదు. ఆ పేరు జనమే తగిలించారు.

మరి మన తెరకు అవి ఎప్పుడొచ్చాయంటారా? 1983 చివర్లో మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' వీడియోలో శవాలతో చిందేశాడు. రెండేళ్ళు తిరక్కుండానే, 1985లో 'దొంగ' చిత్రంలో మన చిరంజీవి ఎర్రదుస్తులేసి 'గోలీమార్' పాటలో శవాల మధ్య స్టెప్పులేశారు. ఆనాడు నేల టిక్కెట్టు జనం గోల చేసి చూసిన ఆ పాటను, తర్వాత ఇంటర్నెట్టు పుణ్యమా అని తెలుగు ముక్క రాని దేశాలవాళ్ళు కూడా పదేపదే చూసి ముచ్చటపడ్డారు.

తర్వాత 2013లో హిందీలో 'గో గోవా గాన్' వచ్చింది. దాని దర్శకులు రాజ్, డీకేలు ఎవరనుకున్నారు? మన రాయలసీమ బిడ్డలే! 2016లో తమిళంలో జయం రవి 'మిరుదన్' చేస్తే అది మనకు 'యమపాశం'గా వచ్చింది. ఆఖరికి 2021 ఫిబ్రవరిలో ప్రశాంత్ వర్మ 'జాంబీ రెడ్డి'తో అచ్చ తెలుగు జాంబీలను కర్నూలు గడ్డమీద దించారు. 'ఇంద్ర'లో చిన్నప్పటి చిరంజీవిగా కనిపించిన తేజ సజ్జా అందులో కథానాయకుడు. ఒకవైపు ఫ్యాక్షన్ కత్తులు, ఇంకోవైపు కరిచే శవాలు! మనకు అలవాటైన వేటకొడవలికి కొత్త పని దొరికింది. ఆ జంటే 2024లో 'హను-మాన్' ఇచ్చింది.

ఇన్ని చిత్రాలు వచ్చాయి గానీ, జాంబీని కొట్టడానికని ఒక విద్య మాత్రం ఎవరూ పుట్టించలేదు. తుపాకీ, గొడ్డలి, కొడవలి... ఏది చేతికందితే అది! చోటు ఖాళీగా ఉంది. మా వాడు కర్చీఫ్ వేశాడు.

మన పాతవాళ్ళు ఎట్లా కొట్టారు?

ముందు మనకున్నది చూసుకుందామని కూర్చున్నాను. కూర్చుంటే ఆశ్చర్యం! చావనివాడితో పోట్లాడటం మనకు కొత్త కాదు.

రక్తబీజుడున్నాడు. వాడి నెత్తురు చుక్క నేలను తాకితే ఇంకో రక్తబీజుడు లేస్తాడు. కొట్టేకొద్దీ పెరిగే శత్రువు. జాంబీ లెక్క అచ్చంగా ఇదే! అమ్మవారు ఏం చేసింది? చుక్క కింద పడనివ్వలేదు. అంటే దెబ్బ కన్నా వ్యాప్తిని ఆపడం ముఖ్యం అన్నమాట.

జరాసంధుడున్నాడు. రెండుగా చీలిస్తే మళ్ళీ అతుక్కుంటాడు. కృష్ణుడు గడ్డిపరకను చీల్చి అటుది ఇటు, ఇటుది అటు పడేసి భీముడికి సైగ చేశాడు. 1966లో రామారావుగారు తానే దర్శకత్వం వహించి తీసిన 'శ్రీకృష్ణ పాండవీయం'లో ఈ ఘట్టాన్ని మా నాన్నల తరం చూసి చప్పట్లు కొట్టింది. నీతి ఏమిటి? బలం కాదు, అతుకు ఎక్కడుందో తెలియాలి. (అన్నట్టు, జగ్గయ్యపేట, నందిగామ 2022 ఏప్రిల్ నుంచి ఆ రామారావుగారి పేరున్న జిల్లాలోనే ఉన్నాయి. అంతకుముందు మేం కృష్ణా జిల్లాలో మెట్టప్రాంతం వాళ్ళం!)

ఇక బేతాళుడు. చందమామలో శంకర్‌గారు వేసిన ఆ బొమ్మ మీ ఇళ్ళలో పెద్దవాళ్ళని అడగండి, కళ్ళు మూసుకుని చెబుతారు. చేతిలో కత్తి, భుజాన శవం, చీకట్లో నడిచే రాజు. కత్తి ఉండి కూడా విక్రమార్కుడు బేతాళుణ్ణి నరకలేదు. నోరు విప్పకపోవడమే అక్కడ యుద్ధం! ఆ ఒక్క పనే ఆయనకి చేతకాలేదు.

అస్థిపంజరాలంటే విఠలాచార్యగారు. ఆయన 'జగన్మోహిని' 1978లో వచ్చింది. అందులో దెయ్యం పెళ్ళాం పొయ్యిలో కట్టెల బదులు కాళ్ళు పెట్టి వంట చేస్తుంటే హాల్లో పిల్లలు అమ్మల కొంగుల్లో దూరారు. ఇక ఆనాటి జానపద వీరుల్లో కత్తి తిప్పడానికి పెట్టింది పేరు కాంతారావు. పేట దాటి హైదరాబాదు రోడ్డు పట్టుకుంటే తగిలే కోదాడ దగ్గర గుడిబండ ఆయన సొంతూరు. అంటే కత్తివీరుడు మాకు ఇరుగుపొరుగే!

ఇన్ని పాయింట్లు కాగితమ్మీద రాసుకుని ఫోను చేశాను.

"బాగుంది మావయ్యా, కానీ కొట్టడం ఎట్టాగో లేదు ఇందులో" అన్నాడు మేనల్లుడు.

వెధవ! నిజమే అన్నాడు.

సాము తాత

మా ప్రాంతంలో దసరాకి, పీర్ల పండక్కి కర్రసాము చూడకుండా పెరిగిన మగపిల్లాడు మా తరంలో లేడు. మాకు సాము నేర్పిన తాత ఇంకా ఉన్నాడు. పేటకీ నందిగామకీ మధ్య ఒక పల్లె. ఎనభై దాటాయి. ఒకప్పుడు ఆయన వెనక ముప్ఫై మంది కుర్రాళ్ళు కర్రలు పట్టుకుని నడిచేవారు. ఇప్పుడు ఒక్కడూ లేడు. కర్ర మాత్రం గుమ్మం పక్కనే, నూనె పట్టించి, నిగనిగలాడుతూ ఉంది.

మేనల్లుణ్ణి వెంటేసుకుని వెళ్ళాను. సంగతి చెప్పాను. తాత మంచమ్మీద నుంచి లేవకుండానే విన్నాడు.

"జాంబీ అంటే ఏందిరా అబ్బాయ్?"

మావాడు ఫోనులో ఒక ముక్క చూపించాడు. తాత ఫోనుని దూరంగా పట్టుకుని చూశాడు.

"వీడికి నొప్పి లేదా?"

"లేదు తాతా."

"భయం?"

"అదీ లేదు."

"అలుపు?"

"అసలు రాదు."

తాత ఫోను తిరిగిచ్చేశాడు. "అయితే నా విద్యలో సగం దండగ!"

మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. అప్పుడు తాత చెప్పింది వినండి. ఇన్నేళ్ళు సినిమాల మీద రాస్తూ ఫైట్ల గురించి నేను తెలుసుకోని మాట.

"కర్ర గిరగిరా తిప్పుతాం గదా, ఎందుకనుకున్నావు? కొట్టటానికి కాదు. ఆ చప్పుడుకి ఎదుటోడు ఆగిపోతాడు. ఉత్తుత్తినే తలకేసి చూపిస్తాం, వాడు తల కాసుకుంటాడు, మనం పిక్క మీద వేస్తాం. పిక్క మీద తగిలితే వాడికి నొప్పి, ఒక అడుగు వెనక్కేస్తాడు. చూశావా... చప్పుడుకి భయపడాలి, కంటికి మోసపోవాలి, దెబ్బకి నొప్పి పుట్టాలి. మూడూ ఎదుటోడి దగ్గరే ఉన్నయ్యి. సామంటే సగం వాడు చేస్తాడు, సగం మనం చేస్తాం. వాడిలో మనిషే లేకపోతే ఇంక సామేంది? చెట్టుని కొట్టినట్టే!"

ఒక్కసారి నాకు వెలిగింది. సినిమా ఫైటు కూడా ఇంతే గదండీ! హీరో చెయ్యి విసరడం కాదు, దెబ్బ తిన్నవాడు ఎగిరి పడటమే ఫైటుని నిలబెడుతుంది. కిందపడే ఆ అజ్ఞాత స్టంట్ సోదరుల పుణ్యమే మన హీరోల బలం. జాంబీ ఎగిరి పడదు. మొహం చిట్లించదు. "అమ్మో" అనదు. అందుకే పై దేశాల చిత్రాల్లో తల పగలగొట్టడం, తుపాకి పేల్చడం తప్ప వేరే దారి లేకపోయింది.

"మరి మిగతా సగం పనికొస్తుందా తాతా?" అన్నాడు మావాడు ఆశగా.

తాత కర్ర అందుకున్నాడు. లేచి నిలబడ్డాడు. ఎనభై దాటిన ఆ ఒళ్ళు కర్ర పట్టుకోగానే ఎలా నిటారయిందో మీరు చూసి ఉండాల్సింది!

ఐదు పాఠాలు

గంటన్నరసేపు ఆ వాకిట్లో జరిగింది మీకు కుదించి చెబుతాను.

ఒకటి, అడుగు. "వెనక్కి పోమాక, పక్కకి పో." వాడు నేరుగా వస్తాడు, తిరగడానికి మొద్దు. వెనక్కిపోతే ఎప్పుడో ఒకప్పుడు గోడ తగులుతుంది. పక్కకి అరచక్రం తిరిగితే వాడి వీపు నీకు దొరుకుతుంది.

రెండు, ఎడం. కర్ర మన నుదురు దాకా ఉండాలంటాడు తాత. వాడి ఆయుధం పళ్ళు. అంటే వాడు నిన్ను వాటేసుకుంటే తప్ప ఏమీ చెయ్యలేడు. కాబట్టి దెబ్బ కాదు, పోటు! కర్ర కొన రొమ్ముమీద ఆనించి నెట్టు. కర్రంత దూరం చెడకుండా చూసుకో.

మూడు, కీలు. నొప్పి లేకపోయినా ఎముక ఎముకే. మోకాలు పక్కకి వంగితే శవమైనా సజీవమైనా పడాల్సిందే. నా జరాసంధుడి పాయింటు ఇక్కడ పనికొచ్చింది, గమనించారా!

నాలుగు, ఇరుకు. "పదిమంది వస్తే పదిమందితో పోట్లాడొద్దు. ఒక్కొక్కడే వచ్చే చోట నిలబడు" అన్నాడు తాత. మావాడు ఎగిరి గంతేశాడు. "మగధీర మావయ్యా!" 2009లో కాలభైరవుడు నూరుమందిని ఒంటిచేత్తో ఆపింది ఇరుకు దారిలోనేగా! దానికి తిరకాసు 2022లో 'ఆర్.ఆర్.ఆర్'లో రామ్‌చరణ్ పరిచయ దృశ్యం. చేతిలో లాఠీ ఒకటి పట్టుకుని వేలమంది జనంలోకి దూకి, ఒక్కణ్ణి పట్టుకుని బయటికొస్తాడు. తాతకు ఆ దృశ్యం చూపించాం. "కర్ర బానే పట్టాడు. కానీ ఆ జనానికి నొప్పి తెలుసు గనక బతికాడు" అని తేల్చేశాడు.

ఐదు, ఊపిరి. "వాడికి అలుపు లేదు, నీకుంది. తిప్పడాలు మానెయ్. చూసేవాళ్ళ కోసం తిప్పితే చూసేవాళ్ళ ముందే పడిపోతావు." ఈ మాట మన హీరోలకి చెబితే సగం ఫైట్లు ఎగిరిపోతాయి గదండీ!

"పేరు తాతా, పేరు!" అని పీకమీద కూర్చున్నాడు మావాడు. "శవసాము అందామా?"

"ఛీ, అపశకునం. కట్టెసాము అనుకోండి. కట్టె పట్టుకునేదీ, కట్టెతో చేసేదీ."

ఎంత మాట! మన భాషలో కర్రా కట్టే, ప్రాణం పోయిన ఒళ్ళూ కట్టే. కట్టెసాము! ఏ రచయిత దగ్గరికి వెళ్ళినా ఇంత మంచి పేరు దొరికేది కాదు.

సంబరంగా లేచాం. గుమ్మం దాటుతుంటే తాత వెనక్కి పిలిచాడు.

"అబ్బాయ్, ఆరోది చెప్పలా. అదే మొదటిది అసలు."

"ఏమిటి తాతా?"

"కర్ర ఎత్తేముందు పేరు పెట్టి పిలవాలి. పలికాడా, మనిషే. కర్ర దించెయ్."

మావాడు గబగబా రాసుకున్నాడు. నేను రాసుకోలేదు. నాకు నోట మాట రాలేదు.

గరికపాడు అవతల

ఇది సినిమా పత్రిక. ఇందులో నా గోడు రాయవచ్చునా అని ఆలోచించాను. కానీ రాయకపోతే ఆ ఆరో పాఠం మీకు సగమే అందుతుంది.

2020 మార్చి 24 రాత్రి దేశమంతా లాక్‌డౌన్ ప్రకటించారు. హైదరాబాదులో హాస్టళ్ళు మూసేస్తున్నారంటూ చదువుకునే పిల్లలు, చిన్నచిన్న ఉద్యోగాలు చేసుకునే వాళ్ళు ఇళ్ళకి బయలుదేరారు. మా జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టు రెండు రాష్ట్రాలకీ సరిహద్దు. అక్కడ వేలమంది పిల్లలు ఆగిపోయిన బొమ్మలు మీరంతా టీవీల్లో చూసే ఉంటారు. సంచులు నెత్తిన పెట్టుకుని, గంటల తరబడి రోడ్డుమీదే.

మా పల్లెలో ఏం చేశామో తెలుసా? ఊరి మొదట్లో డొంకకి అడ్డంగా సర్కారు తుమ్మ కొట్టి పడేశాం. వంతులేసుకుని కాపలా కాశాం. నా వంతు రాత్రిది. నా చేతిలో కర్ర. చిన్నప్పుడు తాత నేర్పిన పట్టు చేతికి దానంతటదే వచ్చింది.

అర్ధరాత్రి దాటాక చీకట్లో ఒక మనిషి నడిచొస్తున్నాడు. కాళ్ళు ఈడ్చుకుంటూ, తూలుతూ. మొహానికి గుడ్డ. నేను కర్ర ఎత్తాను.

"ఎవడ్రా అది!"

"నేను బాబాయ్" అని పేరు చెప్పాడు.

మా పక్కింటి పిల్లాడు. నా కళ్ళముందు పెరిగినవాడు. హైదరాబాదులో ఒక హోటల్లో పనిచేస్తున్నాడు. సరిహద్దు దగ్గర ఎట్టాగో తప్పించుకుని, పొలాలకు అడ్డంపడి నడిచొచ్చాడు. కాళ్ళు ఈడుస్తున్నది రోగంతో కాదు, నడిచీ నడిచీ.

పలికాడు. నేను కర్ర దించలేదు.

"నువ్వైతే ఏంది, ఆగక్కడ" అన్నాను. కర్ర కొన వాడి రొమ్ముకి ఆనించి నెట్టాను కూడా. వాడు కాసేపు నన్నే చూసి వెనక్కి తిరిగాడు. ఆ రాత్రి, ఆ తర్వాత పధ్నాలుగు రాత్రులు, పొలంలో మోటారు షెడ్డులో పడుకున్నాడు. దూరంగా ఉంచడం తప్పనటం లేదు. ఆనాటికి అది కావలసిందే. కానీ ఒక చెంబు నీళ్ళు అక్కడ పెట్టి, నాలుగు గజాల దూరం నుంచి 'తిన్నావారా' అని అడగవచ్చు గదా? అడగలేదు. వాడికి జబ్బూ రాలేదు, ఏమీ రాలేదు. వాడు నన్ను మళ్ళీ బాబాయ్ అని పిలవలేదు.

రొమెరో చిత్రం ముగింపు మీకు తెలుసా? చూడాలనుకునేవాళ్ళు ఈ పేరా వదిలేయండి. రాత్రంతా శవాలతో పోరాడి బతికినవాడు ఒక్కడే, బెన్ అనే నల్లజాతి యువకుడు. డుయేన్ జోన్స్ ఆ పాత్ర వేశాడు. తెల్లవారింది. తుపాకులు పట్టుకున్న గుంపు ఊళ్ళు శుభ్రం చేస్తూ వచ్చింది. కిటికీలో కదిలిన మనిషిని చూసి జాంబీ అనుకుని కాల్చేసింది. ఎవరూ పిలవలేదు. పేరు అడగలేదు. ఆ చిత్రం విడుదలైన 1968లోనే ఏప్రిల్లో మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు. అమెరికా ప్రేక్షకులు హాల్లోంచి ఏ మొహాలతో బయటికి వచ్చి ఉంటారో ఊహించుకోండి.

ఆ చిత్రం నేను ఎన్నిసార్లు చూశానో! చూసినప్పుడల్లా బెన్ పక్కనే నిలబడ్డాననుకున్నాను. తాత గుమ్మంలో నాకు తెలిసొచ్చింది, నేను నిలబడింది ఆ తుపాకుల గుంపులో.

ఆదివారం, మునేటి ఒడ్డు

షూటింగు రోజు. మామిడితోటలో ఇరవైమంది జాంబీలు బియ్యప్పిండి మొహాలతో టిఫిన్లు చేస్తున్నారు. ఒక జాంబీ ఇడ్లీలో కారప్పొడి తక్కువైందని అలిగింది. మా అక్కయ్య తన కొత్త దుప్పటి ఎవరు చింపారని వెతుకుతోంది.

తాతని ఆటోలో తీసుకొచ్చారు. కుర్చీ వేశారు. దర్శకుడిగారి పక్కన ఫైట్ మాస్టర్! ముందు కర్రలు తీసి చూశాడు. ఎండు వెదురు తీసేసి, లోపల బెండు, పైన గుడ్డ చుట్టినవి చేయించాడు. "ఆటలో దెబ్బ తగిలితే ఆట పోతది" అన్నాడు. చదివే తమ్ముళ్ళూ, మీరూ ఇలాంటివి తీసేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి. తలమీద కర్ర, సరదాకి కూడా వద్దు. నేర్చినవాడు పక్కన లేకుండా అసలే వద్దు.

మధ్యాహ్నానికి ఒక చిక్కొచ్చింది. జనరేటరు మోసుకురావాలి. ట్రాక్టరు కోసం మావాడు ఎవరికో ఫోను చేశాడు. అరగంటలో ట్రాక్టరొచ్చింది. దాని మీద... అతనే. హోటలు పని మానేసి ఊళ్ళోనే ట్రాక్టరు నడుపుకుంటున్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

ఆఖరు దృశ్యం తీస్తున్నారు. ముందు రాసుకున్న కథ ప్రకారం హీరో చివరి జాంబీ మోకాలు విరిచి, కర్ర గాల్లో తిప్పి, వెనక సూర్యుడు... మీకు తెలుసుగా! మావాడు అది కొట్టేశాడు. కొత్త ముగింపు ఇది. గుంపులోంచి ఒక ఆకారం కాళ్ళీడ్చుకుంటూ వస్తుంది. హీరో కర్ర ఎత్తుతాడు. ఆగుతాడు. పేరు పెట్టి పిలుస్తాడు. నిశ్శబ్దం. మళ్ళీ పిలుస్తాడు. ఆ ఆకారం నోట్లోంచి సన్నగా "ఊఁ" అన్న పలుకు. కర్ర కిందికి దిగుతుంది. అంతే, శుభం.

పై దేశాల చిత్రాల్లో నేను చూడని ముగింపు! బేతాళుడి దగ్గర నోరు విప్పితే ఓటమి, కట్టెసాములో నోరు విప్పితేనే గెలుపు.

"కట్" అన్నాడు మావాడు. తోటంతా చప్పట్లు. తాత కుర్చీలో కూర్చునే కళ్ళు తుడుచుకున్నాడు. దుమ్ము పడిందన్నాడు. ఆ వెంటనే ముగ్గురు జాంబీలు ఆయన చుట్టూ చేరి "తాతా, మాకు నిజం సాము నేర్పుతావా?" అన్నారు. "మొహాలు కడుక్కుని రేపు పొద్దున్నే రండి" అన్నాడాయన. ముగ్గురిలో ఎంతమంది వచ్చారంటే... ఇద్దరు. ఒకమ్మాయి, ఒకబ్బాయి. ముప్ఫై మంది వెనక నడిచిన మనిషికి ఇద్దరు. ఇంకా వెళుతున్నారట. ఒక కల్పిత విద్య కోసం పోతే అసలు విద్యకు ఇద్దరు శిష్యులు మిగిలారు. అది చాలదూ?

సాయంత్రమైంది. జనరేటరు ఎక్కించి ట్రాక్టరు కదలబోతోంది. నేను తోట గట్టున నిలబడి ఉన్నాను. చేతిలో గుడ్డ చుట్టిన కర్ర. ఎన్నేళ్ళుగానో నాలిక మీద ఆగిపోయిన పేరు. తాత కుర్చీలోంచి నన్నే చూస్తున్నాడనిపించింది. కర్ర కింద పెట్టేశాను.

పేరు పెట్టి పిలిచాను.

ఇంజను చప్పుడుకి వినపడలేదేమో అనుకున్నాను. ట్రాక్టరు ఆగింది. అతను వెనక్కి తిరిగాడు.

"ఏంది బాబాయ్?"

ఏం చెప్పాలో తోచలేదు. అడగాల్సిన మాట ఆ రాత్రిదే. అదే అడిగేశాను.

"తిన్నావారా?"

కాసేపు అలాగే చూశాడు. "ఇంకా లేదు" అన్నాడు. దిగి వచ్చాడు. జాంబీలు మిగిల్చిన పులిహోర ఇద్దరికీ సరిపోయింది.